పెంపుడు కుక్కలకు బొచ్చు రాలుట

గడచిన మార్చి నెలలో ఒక బుధవారమున ఎనిమిదవ తరగతి బాలుడొకడు పాఠము ముగిసినను ఇంటికి పోక మా బల్లయొద్ద నిలిచియుండెను. కారణ మడుగగా, తమ యింట మూడేండ్లుగా పెరుగుచున్న లాబ్రడార్ జాతి కుక్కకు విపరీతముగా బొచ్చు రాలుచున్నదనియు, అన్నములోను పక్కబట్టలలోను వెండ్రుకలే కనబడుచున్నవనియు, అది గజ్జికుక్క యైనదని ఇరుగుపొరుగువారు అనుచున్నారనియు, ఆదివారము సాయంకాలము తండ్రి దానిని చెరువుగట్టున విడిచి రానున్నాడనియు చెప్పి కంట తడి పెట్టెను. మేమును మొదట గజ్జియే యని తలంచితిమి. అయినను చూడక తీర్పు చెప్పుట విద్యకు తగదు గనుక, ఆ విషయమును గూర్చి చదివి, కుక్కను స్వయముగా పరీక్షింప నిశ్చయించుకొంటిమి. అప్పుడు మేము నేర్చుకొనిన సంగతులను మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునని ఇచ్చట వ్రాయుచున్నాము.

బొచ్చు ఏల రాలును?

ప్రతి వెండ్రుకకును ఒక ఆయుష్కాలము కలదు. అది కొంతకాలము పెరుగును; పిమ్మట పెరుగుట మానును; కొంతకాలము విశ్రమించి తుదకు రాలిపోవును. దాని స్థానమున క్రొత్త వెండ్రుక మొలచును. మన తలవెండ్రుకలు ఏండ్ల తరబడి పెరుగుచుండును గాని, పెక్కు జాతుల కుక్కల వెండ్రుకలు త్వరగా పెరిగి ఎక్కువ కాలము విశ్రాంతిదశలోనే యుండును. పూడిల్ జాతి కుక్కకు పెరుగుదశ దీర్ఘమైనది; కావున దానికి బొచ్చు తక్కువగా రాలును గాని, తరచుగా కత్తిరింపవలసి యుండును.

లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పొమరేనియన్ మొదలగు జాతులకు బొచ్చు రెండు పొరలుగా నుండును. పైపొర ముదుక వెండ్రుకలు వానను ఎండను ఆపును. లోపలి మెత్తని నూగు చలిని ఆపును. ఋతువు మారునప్పుడు ఈ నూగు కుప్పలుగా ఊడివచ్చును. లాబ్రడార్ పూర్వులు కెనడా దేశమునందలి న్యూఫౌండ్లాండు శీతల సముద్రతీరమున జాలరులతో పనిచేసినవి. అట్టి జంతువునకు లోపలి నూగు అలంకారము గాదు, ప్రాణరక్షణము.

ఈ మార్పునకు ముఖ్యకారణము వేడిమి మాత్రమే కాదు; పగటి ప్రమాణము గూడ. లండను నగరమున మిక్కిలి దీర్ఘమైన పగటికిని మిక్కిలి చిన్న పగటికిని గల భేదము సుమారు 9 గంటలు. మన తెలుగునాట అది సుమారు 2 గంటలే. అదిగాక మన యిండ్లలో రాత్రి చాలసేపు విద్యుద్దీపములు వెలుగుచుండును. కావున ఇచ్చట ఇంటిలో పెరుగు కుక్కలకు ఒక ఋతువున గాక, ఏడాది పొడవునను కొంతకొంత బొచ్చు రాలుచుండుటయు కలదు. ఆడుకుక్కకు పిల్లలు పెట్టిన కొన్ని వారములకు ఎక్కువగా రాలుటయు సహజమే. మాఘ ఫాల్గుణములలో వేపచెట్టు ఆకు రాల్చిన, చెట్టు చచ్చినదని ఎవరును గొడ్డలి తేరు గదా!

సహజమా? వ్యాధియా?

సహజముగా రాలునపుడు ఒడలంతట సమముగా రాలును. చర్మము శుభ్రముగా నుండును. ఎక్కడను బోడిమచ్చలు కానరావు. కుక్క ఉత్సాహముగా తిని ఆడును. వ్యాధిచిహ్నములు వేరు. చెవుల అంచులును మోచేతులును చెక్కుకట్టి, కుక్క రేయింబవళ్లు గోకుకొనుచున్నచో గజ్జిపురుగు కారణము కావచ్చును. ఇది మనుష్యులకును అంటును. గుండ్రని బోడిమచ్చలు తామర కావచ్చును. ఇదియు పిల్లలకు అంటును. తోక మొదట, నడుముమీద కొరుకుకొనుచున్నచో మిన్నల్లులను వెదకవలెను. దురద లేకయే ఇరుప్రక్కల బొచ్చు పలుచబడి, కుక్క లావెక్కి మందకొడిగా నున్నచో, కంఠమునందలి థైరాయిడ్ గ్రంథి లోపము కావచ్చును. వీనిలో దేనిని అనుమానించినను పశువైద్యుని యొద్దకు కొనిపోవలెను. ఆయన చర్మమును కొంచెము గీకి సూక్ష్మదర్శినితో చూచి నిర్ణయించును.

గురువారము ఆ బాలుని యింటిపెరటిలో, తడిపిన తెల్లకాగితము పరచి, దానిపై కుక్కను దువ్వించితిమి. మిన్నల్లుల మలమైనచో నల్లని నలుసులు తడికి ఎఱ్ఱబారును. అట్టిది ఒక్కటియు లేకుండెను. బొచ్చు పాయలు తీసి చూడగా చర్మము నిర్మలముగా నుండెను. రాలినది లోపలి నూగు మాత్రమే!

అయితే ఈ పరీక్ష మమ్ము సిగ్గుపరచిన సంగతి యొకటి కలదు. మా వసతిగృహము వాకిట ఎంగిలిమెతుకులు తిని బ్రదుకు ఊరకుక్క యొకటి యున్నది. దాని చెవుల అంచులు చెక్కుకట్టి యుండుటను నెలల తరబడి చూచుచును మేము చూడలేదు. పశువైద్యుడు వచ్చి అది గజ్జియే యని చెప్పి మందిచ్చెను. ఆరోగ్యముగల కుక్కకు గజ్జి యని పేరుపెట్టి, గజ్జిగల దానిని ఎవరమును పట్టించుకొనకుంటిమి.

చేయదగినవి, చేయరానివి

మొదటిది దువ్వుట. వారమునకు రెండు మూడు సారులు, ఎక్కువగా రాలు దినములలో ప్రతిదినము, పెరటిలో వెండ్రుక వాలిన దిక్కునకే మెల్లగా దువ్వవలెను. దువ్వెనకు వచ్చిన బొచ్చు అన్నములో పడదు. రెండవది స్నానము. నెలకొకసారి చాలును. మనుష్యుల సబ్బు కుక్కచర్మమునకు సరిపడదు. కుక్కలకై చేసిన దానినే వాడి, బాగుగా కడిగి తుడువవలెను. మూడవది ఆహారము. వెండ్రుక విశేషముగా మాంసకృత్తులతో నిర్మితమైనది. పెరుగన్నము మాత్రమే తిను కుక్కకు మంచి బొచ్చు ఎట్లు వచ్చును? ఉడికించిన గ్రుడ్డు, ముండ్లు తీసిన చేప, మాంసము శక్తికొలది పెట్టవలెను. ఉల్లిపాయలు, ద్రాక్షపండ్లు, చాక్లెట్లు పెట్టరాదు. అవి కుక్కకు విషము.

వేసవి యని రెండు పొరల బొచ్చును గొరిగింపరాదు. అప్పుడు ఎండ నేరుగా చర్మమును కాల్చును. కిరసనాయిలు, వాడిన ఇంజను నూనె, ఫినాయిలు పూయుట క్రూరకార్యము. కుక్క తన ఒడలు నాకుకొనును గనుక అవి కడుపులోనికి పోవును.

ఇంటిలో రాలిన బొచ్చును చీపురుతో ఊడ్చిన గాలికి లేచును. తడిగుడ్డతో తుడిచిన అంటుకొనివచ్చును. కొందరికి కలుగు తుమ్ములకును ఆయాసమునకును కారణము వెండ్రుక గాదు. కుక్క చర్మపు పొట్టులోను లాలాజలములోను ఉండు పదార్థములు. కావున అట్టివారు పరుండు గదిలోనికి కుక్కను రానీయరాదు. కుక్కను తాకిన పిమ్మట పిల్లలు చేతులు కడుగుకొనవలెను.

శనివారము ఆ బాలుని తండ్రి పాఠశాలకు రాగా, దువ్వగా వచ్చిన నూగును, తడికాగితమును చూపించి, చూచినదంతయు విన్నవించితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, “ప్రతిదినము వీడే దువ్వవలెను. మా అమ్మగారికి ఆయాసము. ఆమె గదిలోనికి కుక్క రాకూడదు. ఈ రెండును తప్పినచో నా మాట నాదే” అనెను. బాలుడు ఒప్పుకొనెను. ఆదివారము గడచెను, కుక్క ఇంటనే యున్నది. బొచ్చు నేటికిని రాలుచున్నది గాని, దువ్వెనలో రాలుచున్నది. వాకిటి కుక్కకును చెవులపై క్రొత్త వెండ్రుకలు వచ్చినవి.

నీతిమంతుడు తన పశువునెడల దయగలవాడని సామెతల గ్రంథము బోధించుచున్నది. ఆ దయకు మొదటి మెట్టు దగ్గరకు పోయి చూచుటయే యని మా విద్యార్థులు గ్రహింతురు గాక.