పెరటి కాపురము

తూర్పు కనుమల నడుమ, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున అరకులోయ కలదు. వానలు వెనుకబట్టి చలిగాలి తిరిగినంతనే అచ్చటి మెట్టచేలు వలిసెపూలతో నిండి, కొండల పాదములకు పసుపు పూసినట్లు కన్పట్టును. ఆ లోయలో రెండెకరముల భూమిని నమ్ముకొన్న యొక రైతు కుటుంబము కలదు. ఇల్లు చిన్నది, పెరడు మాత్రము విశాలమైనది. పెరటిలో పనసచెట్టు నీడను నాలుగు తేనెపెట్టెలు, గోడవార నొక కోళ్లగూడు, గుమ్మము ముందర నొక నాటుకుక్క. ఆ యింట తాత, తండ్రి, తల్లి, ఎనిమిదవ తరగతి చదువు బాలిక యుందురు. పెరటిలోని ప్రాణులు కూడ వారికి కుటుంబములోని వారే.

తెల్లవారుజామున కోడి కూయగానే ఆ యిల్లు మేలుకొనును. తల్లి గూటి తలుపు తీసి నూకలును చోళ్లును చల్లును. నత్తగుల్లలను దంచి యొక మూకుడులో నుంచును. గ్రుడ్డు పెంకు గట్టిపడుటకు వానిలోని సున్నము సాయపడును. పొదుగునకు వచ్చిన పెట్ట క్రింద గ్రుడ్లు పెట్టిననాడు బాలిక గోడపై బొగ్గుతో నొక గీత గీయును. నాటినుండి రోజున కొక గీత. 21 గీతలు నిండునప్పటికి గ్రుడ్లలోనుండి సన్నని కూతలు విననగును. పిల్ల తన ముక్కుతో పెంకును పొడిచి తానే వెలికి రావలెను. తొందరపడి మనము పెంకు నొలిచినచో పిల్లకు హాని కలుగవచ్చును. ఓర్పు అనగా నేమో బాలికకు ఆ గీతలే నేర్పినవి.

ప్రొద్దెక్కి ఎండ కాసినప్పుడు తేనెపెట్టెల వంతు. ఆ పెట్టెలలో నున్నవి చెట్టు తొర్రలలోను పుట్టలలోను కాపురముండు మన దేశపు తేనెటీగలు. ఒక్కొక్క పెట్టెలో నొక రాణి, కొన్ని పోతుటీగలు, వేలకొలది కూలి ఈగలు ఉండును. గ్రుడ్లు పెట్టుట రాణి పని. పట్టు కట్టుట, పిల్లలను సాకుట, వాకిలి కాచుట, మకరందము తెచ్చుట మొదలగు పనులన్నియు కూలి ఈగలవే. పూలు సమృద్ధిగా నున్న కాలమున విశ్రాంతి యెఱుగక పాటుపడు కూలి ఈగ సుమారు ఆరు వారములు మాత్రమే జీవించును. ఎక్కడ పూలున్నవో చూచి వచ్చిన యీగ, పట్టుపై నాట్యమాడి దిక్కును దూరమును తోడివారికి తెలుపును. ఈ నాట్యభాషను వివరించిన కార్ల్ వాన్ ఫ్రిష్ అను శాస్త్రజ్ఞునకు 1973 లో నోబెల్ బహుమానములో భాగము లభించినది.

పూర్వము తేనె కావలసినవారు పట్టును పిండివైచెడివారు. దానితో ఈగపిల్లలు నశించెడివి. 1851 లో లాంగ్‌స్ట్రాత్ అను అమెరికా దేశీయుడు, పట్టుల నడుమ సుమారు 9 మిల్లీమీటర్ల సందు విడిచినచో ఈగలు దానిని మైనముతో పూడ్చవని గ్రహించి, చట్రములను విడివిడిగా పైకి తీయుటకు వీలగు పెట్టెను రూపొందించెను. మన దేశపు ఈగలకు తగిన చిన్న పెట్టెను న్యూటన్ అను క్రైస్తవ మతాచార్యుడు తయారుచేసి, 1911 మొదలు 1917 వరకు దక్షిణదేశమున పల్లెవారికి ఈ పని నేర్పెను. ఇప్పుడు మైనపు మూతలను కత్తితో కోసి, చట్రములను యంత్రములో త్రిప్పినచో తేనె వెలికి వచ్చును, పట్టు చెడదు. దానిని మరల ఈగలకే ఈయవచ్చును.

అయితే ఎంత మంచి పెట్టెయైనను మనుష్యుని యాశకు మూత వేయజాలదు. ఒక యేట వలిసెలు విరగబూసినవి. చట్రములన్నియు తేనెతో బరువెక్కెను. ఇంటి కప్పు బాగుచేయించుటకు తండ్రికి డబ్బు కావలసి యుండెను. అతడు పై యరలోని తేనెతో పాటు, క్రింది యరలో ఈగలు తమకై దాచుకొన్న తేనెను కూడ తీయసాగెను. తాత చూచి, "నాయనా, పొదుగులో దూడకు కొంత విడువని వాని యింట పాడి నిలుచునా?" అనెను. తండ్రి విననట్లు ఊరకుండెను.

వానకాలము వచ్చెను. రోజుల తరబడి ముసురు. కొండలపై పూలు లేవు. ఉన్నను ఈగలు వెలికి పోవుటకు వీలులేదు. పెట్టెలలో దాచిన తేనె లేదు. తెరపి యిచ్చిన యొక యుదయమున పెరడంతయు హోరుమన్నది. బాలిక పరుగున వచ్చి చూచునప్పటికి ఈగల గుంపు పనసచెట్టు మీదుగా లేచి కొండవైపు సాగిపోయెను. మరునాడు రెండవ పెట్టె, వారము తిరుగకముందే తక్కిన రెండును ఖాళీయయ్యెను. ఆకలి గల తావును విడిచిపోవుట ఈ జాతి యీగలకు స్వభావము. కప్పు బాగుపడెను, పెరడు మూగవోయెను.

నష్టము తేనెతోనే పోలేదు. ఆ యేడు గుమ్మడి తీగలు దట్టముగా ప్రాకి, పూలు పూచెను. కాని పిందెలు పసుపుబారి రాలిపోవుచుండెను. గుమ్మడిలో మగపూవు వేఱు, ఆడుపూవు వేఱు. పుప్పొడిని ఒకదానినుండి మఱియొకదానికి చేర్చుటకు ఈగల వంటి పురుగులు కావలెను. బాలిక ప్రతి యుదయమును మగపూవును త్రుంచి, ఆడుపూవులకు తాకించుచు తీగల నడుమ తిరిగెను. కొన్ని కాయలు నిలిచినవి. ఒకనాడు ఆమె నడుము పట్టుకొని కూర్చుండి, "తాతా, ఈగలు ఇంత పని కూలి యడుగక చేసెడివా?" అనెను. "కూలి యడిగినవి తల్లీ, మనమే ఈయలేదు" అని తాత బదులు చెప్పెను. ఆ మాట వాకిట నిలిచియున్న తండ్రి చెవిని పడెను.

చలికాలమున తండ్రి అడవిలో నొక తొర్రనుండి ఈగలను పట్టితెచ్చెను. పట్టులను జాగ్రత్తగా కోసి, అరటినారతో చట్రములకు కట్టి, రాణిని ముందుగా పెట్టెలో చేర్చగా తక్కిన యీగలు దాని వెంట వచ్చినవి. పెట్టె కాళ్లను నీటి మూకుళ్లలో నుంచి చీమల బెడద తప్పించెను. ఈసారి క్రింది యరను ముట్టలేదు. వానకాలమున చక్కెర పాకమును సాయంవేళ పెట్టెలో నుంచెను. పొరుగు చేని రైతులకు మ్రొక్కి, పూత మీద పురుగుమందు చల్లవలదనియు, తప్పనిసరియైనచో ఈగలు గూడు చేరిన పిదప సాయంకాలమున చల్లుడనియు వేడుకొనెను. ఈగలు నిలిచినవి. మరుసటి యేడు ఒక పెట్టె రెండయ్యెను.

ముందు చూపు కోళ్లకును అవసరమే. కొక్కెర తెగులు సోకినచో కోళ్లు పచ్చగా పారి, మెడ తిరిగి, గుంపులు గుంపులుగా చచ్చును. దానికి మందు లేదు; టీకా మాత్రమే కలదు. ఆ సంగతి తెలిసిన తల్లి, పిల్లలకు వారము దినములు నిండునప్పటికే పశువైద్యశాల వారిచే కంటిలో టీకా చుక్కలు వేయించును.

ఇక కుక్క. కుక్కపిల్లగా నున్నప్పుడు అది తేనెపెట్టె వాకిట ముక్కు పెట్టి, ఈగ కాటు తిని, పనసచెట్టు దరికి మరల పోలేదు. కోడిపిల్లల వెంట పరుగిడినప్పుడెల్ల తల్లి కేక వేసి మాన్పెను. ఇప్పుడు కోడిపిల్లలు దాని వీపు మీది కెక్కినను కదలదు. రాత్రివేళ అడవిపిల్లి కోళ్లగూటి కడకు వచ్చినచో ఇంటివారిని లేపునది అదియే. ఏటేట దానికి వెఱ్ఱికుక్క వ్యాధి రాకుండ టీకా వేయింతురు. ఈ వ్యాధికి టీకాను పాశ్చర్ మహాశయుడు 1885 లో నొక బాలునిపై మొదట ప్రయోగించి, అతని ప్రాణము కాపాడెను. ఏ కుక్క కరచినను గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే వైద్యశాలకు పోవలెనని బాలిక తన తోటివారికి చెప్పుచుండును.

ప్రొద్దు గ్రుంకినప్పుడు తల్లి కోళ్లను లెక్కించి గూటి తలుపు మూయును. కుక్క గుమ్మము ముందు చుట్టగా పండుకొనును. బాలిక తేనెపెట్టెకు చెవి యొగ్గి వినును. లోపల వేలకొలది రెక్కల సవ్వడి. తీసికొనుటకు ముందు ఇచ్చుట నేర్చిన యింటికి ఆ సవ్వడి యే సిరి.