పెరటి వేట

ఉద్దేశం: పెంపుడు కుక్కలోని వేటగుణానికి మూలాన్ని తెలిపి, దానిని కాపలాగుణంగా మలచవలసిన బాధ్యత మానవునిదేనని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం.

పాఠం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రాయలసీమలోని మెట్టప్రాంతపు పట్టణాలు. 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో ఉన్న ఇవి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ఎర్రనేలలు, బండరాళ్ళ గుట్టలు, వాటి నడుమ వేరుశనగ చేలు, మల్బరీ తోటలు ఇక్కడి ప్రకృతి స్వరూపం. వేసవిలో చెరువులు అడుగంటినప్పుడు పచ్చదనం, తేమ మిగిలేది ఇంటి పెరటిలోనే. తొట్టినీటి చెమ్మకు కప్ప వస్తుంది. రాలిన గింజలకు ఎలుక వస్తుంది. వాటిని వెదకుకొంటూ జెర్రిపోతు, నాగుపాము వస్తాయి. పాము వెంట ముంగిస వస్తుంది. తెల్లవారుజామున కుందేలు ఆకుకూరల మడి దగ్గరకు చేరుతుంది. అరుగుమీద పడుకొన్న కుక్క చెవులు నిక్కిస్తుంది. క్షణకాలంలో పెరడు వేటరంగంగా మారిపోతుంది.

ఉదయం గడప ముందు చచ్చిపడి ఉన్న ఉడుమును చూచి ఇంటి యజమాని కుక్కను మెచ్చుకోవాలా? మందలించాలా? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించినా దీనికి సమాధానం తెలియాలంటే కుక్కకూ మనిషికీ గల ప్రాచీనబంధాన్ని పరిశీలించాలి.

కుక్క తోడేలు సంతతికి చెందినది. మానవుడు వ్యవసాయం నేర్వకముందే అది అతనికి తోడైంది. వాసన పసికట్టడం, పొంచి ఉండడం, తరమడం, పట్టడం, చంపడం అనే వేటక్రమం దానికి పుట్టుకతో వచ్చింది. కడుపు నిండి ఉన్నా కదిలే ప్రాణిని చూస్తే కుక్క తరుముతుంది. అందుచేత అది క్రూరత్వమూ కాదు, అపరాధమూ కాదు, సహజగుణం మాత్రమే.

ఈ గుణాన్ని పూర్వులు గౌరవించారు. లేపాక్షి వీరభద్రాలయపు చిత్రాలలో కిరాతార్జున ఘట్టంలోని వరాహాన్ని నేటికీ చూడవచ్చు. పొరుగున ఉన్న కర్ణాటకలోని ఆతకూరు శాసనం మరింత విశిష్టమైనది. క్రీ.శ. 949-50 నాటి ఆ శాసనం తక్కోలం యుద్ధ విజయాన్ని పేర్కొంటూనే ఒక కుక్క కథనూ చెబుతుంది. గంగరాజు బూతుగుడు తన సేవకుడు మణలేరుని పరాక్రమానికి మెచ్చి ఏదైనా కోరుకొమ్మనగా, అతడు రాజుగారి వేటకుక్క అయిన కాళిని కోరుకొన్నాడు. ఆ కాళి ఒక పెద్ద అడవిపందితో పోరాడింది. ఆ పోరులో రెండూ మరణించాయి. ఆ కుక్క స్మృతికై శిలను నిలిపి, భూమిని దానం చేశారు.

ఆనాటి అడవి విశాలమైనది. నేడు అడవి కుంచించుకుపోయింది, ఊరు పెరిగింది. ఈ స్థితిలో పెరటి వేటవల్ల కలిగే నష్టం మూడు విధాలు.

మొదటిది రైతుకు కలిగే నష్టం. జెర్రిపోతుకు విషం లేదు. ఎలుకలు దాని ఆహారంలో భాగం. అది చస్తే చేలలో ఎలుకలు పెరుగుతాయి. పసిబిడ్డను పాము బారినుండి కాపాడిన ముంగిసను తొందరపాటుతో చంపి, పిదప దుఃఖించిన వారి కథ పంచతంత్రంలో ఉన్నది. ఆ తొందరపాటే నేడు కుక్క రూపంలో పెరటిలో పునరావృతమవుతున్నది.

రెండవది కుక్కకు, ఇంటివారికి కలిగే నష్టం. రక్తపింజరి కాటుకు గురైన కుక్క బ్రతకడం కష్టం. మందు తిన్న ఎలుకను నోట కరచుకొంటే కుక్కకూ ఆ విషం సోకవచ్చు. నక్క, ముంగిస వంటి జంతువులనుండి రేబిస్ కుక్కకు, కుక్కనుండి మనిషికి సంక్రమించవచ్చు. లక్షణాలు బయటపడిన తరువాత ఆ వ్యాధినుండి బ్రతికి బయటపడడం దాదాపు అసాధ్యం.

మూడవది వన్యప్రాణులకు కలిగే నష్టం. తీతువు, నెమలి నేలమీదనే గుడ్లు పెడతాయి. ఒక్క కుక్క ఒక్క రాత్రిలో ఒక సంతానాన్ని అంతం చేయగలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చంపడమే కాదు, తరమడం, ఉచ్చు పన్నడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. కుక్కను ఉసికొల్పిన మనిషి ఆ బాధ్యతనుండి తప్పించుకోలేడు. ప్రాణికోటిపై దయ చూపడం పౌరుని ప్రాథమిక విధి అని 1976లో జరిగిన 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరింది.

అయితే, అడవిపందులు వేరుశనగ చేనును ఒక్క రాత్రిలో త్రవ్విపోస్తే రైతు పడే వేదన తక్కువైనది కాదు. దానికి పరిష్కారం గొర్రెలకాపరి వద్ద ఉన్నది. అతని కుక్క పిల్లతనంనుండి మందలోనే పెరుగుతుంది. తోడేలు అలికిడి విని మొరుగుతుంది, కాపరిని మేల్కొలుపుతుంది, మందను విడిచి దూరం పోదు. చంపడంకంటె కాపాడడమే దాని ఘనత.

ఇంటికుక్కకూ ఈ శిక్షణే కావాలి. పిల్లగా ఉన్నప్పుడే పిలిస్తే వెనుకకు వచ్చేటట్లు అలవాటు చేయాలి. వేళకు తిండి పెట్టి, రాత్రివేళ ఇంటి ఆవరణలోనే ఉంచాలి. ఏటేటా రేబిస్ టీకా వేయించాలి. కట్టెల మోపులు, రాళ్ళ కుప్పలు గోడవారన పేరుకోకుండా చూడాలి. పాము కనిపిస్తే కుక్కను కట్టివేసి, అటవీ సిబ్బందికి తెలపాలి. అన్నింటికంటె ముఖ్యంగా, చచ్చిన జంతువును తెచ్చిన కుక్క వీపు తట్టకూడదు. మొరిగి హెచ్చరించిన కుక్కనే మెచ్చుకోవాలి.

కుక్క తన యజమాని మెప్పును కోరుతుంది. దేనిని మెచ్చుకోవాలో తెలిసిన యజమాని ఇంట పెరడు వేటరంగం కాదు, సకల ప్రాణులకు నీడనిచ్చే చోటు అవుతుంది.

అర్థాలు

సంతతి = వంశం
వరాహం = పంది
స్మృతి = జ్ఞాపకం
పునరావృతం = మరల జరగడం

ప్రశ్నలు

1. ఆతకూరు శాసనం తెలిపే కాళి కథను వ్రాయండి.
2. పెరటి వేటవల్ల కలిగే నష్టాలను వివరించండి.
3. “చంపడంకంటె కాపాడడమే దాని ఘనత” – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.