బహుకారక ప్రయోగమున అన్యోన్య ప్రభావము

రెండు కారకములను జతపఱచి, వాని స్థాయిల కలయికలన్నిటిని ఒకే ప్రయోగమున పరీక్షించు పద్ధతికి బహుకారక ప్రణాళిక యని పేరు. ఇచట కారకమనగా వ్యాకరణమందలి కారకము గాదు. ఫలితమును మార్పగల హేతువు. ఒక కారకము చూపు ఫలము రెండవదాని స్థాయిని బట్టి మాఱినచో దానిని అన్యోన్య ప్రభావమందురు.

1975లో గాడెన్, బాడ్లీలు ప్రకటించిన ప్రయోగము దీనికి చక్కని నిదర్శనము. స్కాట్లండు తీరమున, నీట మునుగుటయందు శిక్షణ పొందినవారు 36 పదముల పట్టికలను గట్టుననో నీటి యడుగుననో విని, పిదప ఈ రెండు తావులలో ఒకచోట స్మరించిరి. గట్టున నేర్చినవారు సగటున గట్టున 13.5, నీట 8.6 పదములను స్మరించిరి. నీట నేర్చినపుడు గట్టున 8.4, నీట 11.4.

నేర్చిన తావును మాత్రమే చూచినచో సగటులు గట్టునకు 11.05, నీటికి 9.9, స్మరించిన తావును చూచినచో 10.95, 10. ఈ స్వల్ప భేదములనే నమ్మినవాడు తావునకు ప్రాముఖ్యము లేదని తీర్పు చెప్పును. కాని గట్టున స్మరించునపుడు గట్టున నేర్చుట 5.1 పదములు మేలు. నీట స్మరించునపుడు నీట నేర్చుటయే 2.8 పదములు మేలు. ఇచట పనిచేసినది గట్టు గాదు, నీరు గాదు. రెండు తావుల పొందిక.

అయితే 2021లో ముర్రే ప్రకటించిన పునఃప్రయోగమున ఈ ఫలితము కానరాలేదు. పట్టికను సరిగా చదువుట వేఱు, అందలి ఫలము స్థిరపడుట వేఱు.

భాషాబోధన పద్ధతులను పోల్చువారును “ఏది మేలు?” అనుటకు ముందు “ఎవరికి, ఎట్టి స్థితిలో?” అని యడుగవలెను.