తడిపేముందు ఆరే దారి చూడు

గుడివాడ

చిరంజీవి చిన్నికి,

విజయవాడ పటమటలో అద్దె ఇల్లు కుదిరిందనీ, వంట కూడా చేతికొస్తోందనీ మీ అమ్మ చెప్పింది. సంతోషం. నీ మెసేజీలో మూడు ప్రశ్నలున్నాయి. రజాయి మిషన్లో వేయవచ్చా? దిండ్లు ఉతకవచ్చా? పరుపుకు పట్టిన ముక్కవాసన ఎలా పోతుంది? ఫోనులో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు అసలు సంగతి. మన డెల్టాలో పడక సామానుకు మురికి కంటే చెమ్మ పెద్ద శత్రువు. పక్కన కృష్ణ, ఊరి మధ్యలోంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, ఊరు దాటితే వరిచేలు, ఆపైన సముద్రం. గాలిలో తేమకు కొదవేముంది? దానికి తోడు రాత్రంతా మన ఒంటి చెమట పరుపులోకి దిగుతూనే ఉంటుంది. మన చర్మం మీంచి రాలే పొట్టు తిని బతికే డస్ట్ మైట్లనే సన్నటి పురుగులు అందులో కాపురం పెడతాయి. అవి నీళ్లు తాగవు, గాలిలోని తేమనే ఒంటికి పట్టించుకుంటాయి. చుట్టూ తేమ 50 శాతం లోపుకి పడిపోయి అలాగే ఉంటే ఎక్కువ కాలం బతకలేవు. పొద్దున్నే వరసగా తుమ్ములొస్తున్నాయన్నావు కదా, అందులో వాటి రెట్టల పాలు కూడా ఉండవచ్చు. కాబట్టి ఒక్క సూత్రం గుర్తుపెట్టుకో: పొద్దుగూకేలోపు ఆరేదాన్నే నీళ్లలో పెట్టు. ఆరదనుకున్నదాన్ని ఎండకో గాలికో అప్పజెప్పు, తడపకు.

ఏది ఆరుతుందో తెలియాలంటే లోపల ఏముందో తెలియాలి. దిండు కుట్టు దగ్గర వేలితో తడిమి చూడు, చీటీ ఉంటే చదువు.

మీ అమ్మ సారెలో పెట్టిన రెండు దిండ్లూ బూరుగు దూదివి. ఆ దూది పోగు లోపల గుల్లగా ఉంటుంది, పైన సన్నటి మైనం పొర ఉంటుంది. అందుకే నీటిని పీల్చదు, తేలుతుంది. ఒకప్పుడు ఓడల్లో వాడే లైఫ్ జాకెట్లను బూరుగు దూదితోనే నింపేవారు. అలాంటప్పుడు ఉతికితే ఏం అంటావేమో. పోగు పొట్టిది, పెళుసు. సబ్బు నీళ్లలో నలిగితే ఉండలు కడుతుంది, మళ్లీ విడదీయలేం. ఈ దిండ్లకు గలీబు ఉతుకు, దిండును మాత్రం ఎండలో వెయ్యి. ఏళ్లు గడిచి దూది పొడి రాలుతుంటే పాత గుడ్డ విప్పి కొత్త బూరుగు దూది నింపించు.

పత్తి పరుపు సంగతి వేరు. పత్తి తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పట్టుకుంటుంది. తడిసిన పరుపును ఎత్తడమే కష్టం. పైన ఆరినట్టు కనిపించినా నడిమధ్య బూజు పట్టేస్తుంది. దానికి ఎండ, కర్రతో రెండు దెబ్బలు, కొన్నేళ్లకోసారి దూది ఏకించడం, అంతే వైద్యం. పూర్వం దూది ఏకేవాళ్లు విల్లును భుజాన వేసుకుని వీధుల్లో తిరిగేవారు. నారి టంగుమని మోగుతుంటే అట్టకట్టిన దూది పొగమంచులా లేచేది. ఇప్పుడా పని మిషన్ల మీద అవుతోంది. ఏకిన దూదిలో మళ్లీ గాలి చేరుతుంది, పరుపు మెత్తబడుతుంది. అదే దూది, అదే పరుపు. కొత్తది కొననక్కర్లేదు.

మీ ఇంట్లో ఉన్న పెద్ద పరుపు ఫోముది. దాన్ని ఎండలో వేయకు, నీళ్లు పోయకు. ఎండకు ఫోము పసుపెక్కి, పొడిగా రాలుతుంది. వారానికోసారి దుప్పటి తీసేసి, పరుపును గోడకు నిలబెట్టి, కిటికీలు తెరిచి, ఫ్యాను వేసి సగం పూట వదిలెయ్. దాన్ని నేల మీద మాత్రం పరవకు. అడుగున గాలి ఆడక, ఒంటి చెమ్మంతా కిందికి దిగి అక్కడే నిలిచి, నల్లటి మచ్చలు కడుతుంది. నువ్వు చెప్పిన ముక్కవాసన అక్కడిదే అయుంటుంది, ఒకసారి తిరగేసి చూడు. మంచం పైన ప్లైవుడ్ పలక ఉంటే దానికి బెజ్జాలు వేయించు.

ఇక మిగిలింది పాలిస్టర్ రజాయి, పాలిస్టర్ దిండ్లు, పాత చీరలతో కుట్టిన బొంత. ఇవి ఉతికేవి. జాగ్రత్తగా విను.

ముందు రజాయిని డాబా మీద దులిపి కుట్లు చూడు. దారం తెగిన చోట ఉతక్కముందే కుట్టు వెయ్యి, లేకపోతే లోపలి పీచు ఒక మూలకు పోగవుతుంది. తల వైపు, దిండ్ల మీద మన కొబ్బరినూనె జిడ్డు ఉంటుంది. అది మామూలు ఉతుకులో పోదు. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, పావుగంట వదిలెయ్. తర్వాత మిషన్. డ్రమ్ములో రజాయి వేశాక పైన నీ చెయ్యి సులువుగా దూరేంత ఖాళీ ఉండాలి. ఆరు కిలోల మిషన్లో సింగిల్ రజాయి పట్టవచ్చు, డబుల్‌ను మాత్రం కుక్కకు. కుక్కితే నీళ్లు లోపలికి వెళ్లవు, సబ్బు బయటికి రాదు. సబ్బు లిక్విడ్ మామూలుగా వేసేదాంట్లో సగం చాలు. పొడి వద్దు, పొరల్లో చిక్కుకుంటుంది. మెత్తదనానికి వేసే లిక్విడ్ అసలే వద్దు. దిండ్లయితే రెండేసి వెయ్యి, డ్రమ్ము ఒక పక్కకు ఒరగకుండా. మైట్లు చావాలంటే నీళ్లు 60 డిగ్రీల వేడి ఉండాలి. చీటీ మీద అంత వేడికి అనుమతి లేకపోతే గోరువెచ్చటి నీళ్లతోనే సరిపెట్టుకో, పురుగులు చావకపోయినా వాటి రెట్టలు చాలావరకు కొట్టుకుపోతాయి. ఒక జాలాడింపు అదనంగా పెట్టు. తీశాక ఒక మూల గట్టిగా నొక్కు. నురగ కనిపిస్తే మళ్లీ జాలాడించాల్సిందే. లోపల మిగిలిన సబ్బు తర్వాత చెమ్మను లాగుతుంది.

మిషన్లో పట్టనిదాన్ని పెద్ద టబ్బులో వేసి కాళ్లతో తొక్కు. తొక్కడం మంచి పద్ధతే, మెలిపెట్టి పిండడమే తప్పు. మెలిపెడితే లోపలి పీచు చిరుగుతుంది. నులక మంచం మీద వేసి అరచేతులతో అదుముతూ నీళ్లు కారనివ్వు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. మీ అపార్టుమెంటులో బోరు నీళ్లు గట్టివైతే సబ్బు నురగ రాదు సరికదా, తెల్లటి మడ్డిగా బట్టకే అంటుకుంటుంది. కుళాయిలో కృష్ణ నీళ్లు వచ్చే వేళకు ఆఖరి జాలాడింపు పెట్టుకో. అవనిగడ్డ, నాగాయలంక వైపు మన చుట్టాలకు ఈ బాధ ఎక్కువ. అక్కడి బోర్లలో చాలాచోట్ల ఉప్పు నీళ్లే. ఉప్పు గాలిలోని తేమను పట్టి లాగుతుంది, ఆ నీళ్లలో ఉతికిన బొంత ఎంత ఎండినా జిడ్డుజిడ్డుగానే ఉంటుంది. వాళ్లు ఆఖరున ఒక్కసారైనా మంచినీళ్లలో ముంచి తీయాలి. మా చిన్నతనంలో బొంతలు కాలువ రేవుకు పోయేవి. ఇప్పుడు కాలువల్లో మురుగు కలుస్తోంది, ఆ ఆలోచన పెట్టుకోకు.

ఉతకడం గంట పని, ఆరబెట్టడం రోజంతా పని. పొద్దున మంచు ఆరిపోయాక, తొమ్మిది దాటాక డాబా ఎక్కించు. సిమెంటు మీద పరవకు, అడుగున గాలి ఆడాలి. నులక మంచమో టేపు మంచమో ఉంటే దాని మీద, లేకపోతే రెండు తాళ్లు పక్కపక్కనే కట్టి వాటి మీద వెడల్పుగా వెయ్యి. ఒకే తాడు మీద వేస్తే లోపలిదంతా బరువుకు కిందికి జారుతుంది. రంగు వెలవకుండా లోపలి వైపు పైకి పెట్టు. రెండేసి గంటలకు తిరగేసి, మూలలు పట్టుకుని విదిలించి, ఉండలు వేళ్లతో విడదియ్యి. నాలుగింటికి ముందే దించెయ్, పొద్దు వాలాక గాలిలోని చెమ్మ మళ్లీ ఎక్కుతుంది. దించగానే మడతపెట్టకు, ఫ్యాను కింద వేడి చల్లారనివ్వు. ఆ తర్వాత దళసరి చోట చేత్తో నొక్కి చెంపకు ఆనించు. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. మర్నాడు మళ్లీ ఎండకు పంపు.

ఈ డాబా అలవాటు మన ఒక్కరిదే కాదు. మనలాగే ఉక్కపోత ఎండాకాలం ఉన్న జపాన్‌లో జనం పరుపులను బాల్కనీ కమ్మీల మీద వేసి, పెద్ద క్లిప్పులు పెట్టి ఎండబెడతారు. జర్మనీలో పొద్దున్నే దుప్పట్లు కిటికీల మీద వేస్తారు. డాలస్ నుంచి మీ అక్క తెచ్చిన ఈకల రజాయి మాత్రం మన డాబాకు పనికిరాదు. ఈకలు ఒకదానికొకటి అతుక్కుని లోపల తడి మిగిలితే కంపు కొడతాయి. పెద్ద డ్రయ్యరున్న లాండ్రీకి ఇచ్చి, తక్కువ వేడి మీద, రెండు టెన్నిస్ బంతులు వేసి తిప్పమను. బంతులు తగిలి ఈకలు విడిపోతాయి.

నల్లులు కనిపిస్తే ఎండను నమ్ముకోకు. పైన కాలితే అవి లోపలి కుట్లలోకి పారిపోతాయి. గలీబులు, దుప్పట్లు మరిగే నీళ్లలో వెయ్యి, మంచం సందులకు మందు కొట్టే మనిషిని పిలువు.

కాలం కూడా చూసుకోవాలి. సంక్రాంతి వెళ్లి చలి తగ్గాక, మాఘమాసంలో రజాయిలు ఉతికి దాచెయ్. పాలిథిన్ సంచిలో కట్టకు, పాత నూలు చీరలో చుట్టి, ఎండిన వేపాకు వేసి అటక మీద పెట్టు. పత్తి పరుపులకు, బూరుగు దిండ్లకు ఏప్రిల్, మే నెలలు. రోళ్లు పగిలే రోహిణీ కార్తె ఎండ వాటికి వరం. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాయా, దళసరి ఉతుకులన్నీ బంద్. దసరా దాకా గలీబులు, దుప్పట్లే. నవరాత్రుల్లో దుర్గమ్మ దర్శనానికి వచ్చే చుట్టాలకు పక్కలు కావాలి, అవి మేలోనే ఎండి సిద్ధంగా ఉండాలి. 2016 కృష్ణా పుష్కరాలు ఆగస్టు 12 నుంచి 23 దాకా, సరిగ్గా వానాకాలంలో వచ్చాయి. ఎండాకాలంలో పరుపులు ఎండబెట్టుకున్న ఇళ్లే ఇంటినిండా జనాన్ని తట్టుకున్నాయి. 2028లో మళ్లీ పుష్కరాలు. అప్పటికి ఇల్లాలివి నువ్వు.

ఒక్క కష్టకాలం మాట. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు కట్టలు తెగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగాయి. అవే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వెళ్లింది. నీళ్లు తీశాక ఇళ్ల ముందు బురద పరుపుల గుట్టలు చూశాం. వరదనీటిలో మురుగు ఉంటుంది. అందులో నానిన పత్తి పరుపు, ఫోము పరుపు, దిండు ఎంత ఖరీదైనా బయట పడేయాల్సిందే, ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. పాలిస్టర్ రజాయి, దుప్పట్లు మాత్రం దక్కుతాయి. ముందు బురద కడిగి, తర్వాత వేడినీళ్లలో సబ్బుతో ఉతికి, తెల్లవాటిని బ్లీచింగులో నానబెట్టి, గట్టి ఎండలో ఆరబెట్టాలి. చేతులకు తొడుగులు మరవకూడదు. పరుపు పోయిందని ఏడ్చేవాళ్లకు నచ్చజెప్పడం కష్టమే. అయినా చంటిపిల్లలున్న ఇంట్లో దాన్ని ఆరబెట్టి వాడుకోమని ఎవరన్నా సలహా చెబితే ఒప్పుకోకు.

చివరిగా, కొనుగోళ్ల సంగతి. దుకాణంలో పరుపు మీద కూర్చుని మెత్తగా ఉందని మురిసిపోయేవాళ్లే ఎక్కువ. విజయవాడలో నిజంగా రజాయి కప్పుకునే చలి ఏడాదిలో కొద్ది వారాలే, మిగతాదంతా ఏసీ చలి. దానికి దళసరి డబుల్ రజాయి ఎందుకు? నీ చేతులతో నువ్వే ఎత్తగలిగేది, నీ మిషన్లో పట్టేది, ఒక్క ఎండలో ఆరేది కొనుక్కో. మిగిలిన డబ్బుతో నాలుగు జతల నూలు గలీబులు కొని, వారానికోసారి మార్చు. మన ఊళ్లో మంచి పడక అంటే అదే.

ఇట్లు,
మీ పెద్దమ్మ