ఫోన్ నిండినప్పుడు ఏది తీసివేయాలి? ఫోటోలలో పెద్ద ఫైళ్లను గుర్తించే పద్ధతి

వానాకాలంలో ఇరై నదికి నీరు పెరిగినప్పుడు తీరపు పేటలలో నివసించే కుటుంబానికి ఫోన్ ఒక సాక్షి వంటిది. 2022 జూలైలో ఇరై, వర్ధా నదులు పొంగి చంద్రపూర్ లోతట్టు ప్రాంతాలలోకి నీరు వచ్చిన సంగతి మనకు గుర్తుంది. అటువంటి సమయంలో గోడపై నీరు నిలిచిన గుర్తును, తడిసిన ధాన్యాన్ని, పాడైన సామానును ఫోటో తీసి ఉంచుకొంటే, తరువాత తలాఠీ పంచనామాకు వచ్చినప్పుడు మన మాటకు అది ఆధారంగా నిలుస్తుంది. సరిగ్గా అప్పుడే ఫోన్ తెరపై ‘స్టోరేజ్ నిండిపోయింది’ అన్న హెచ్చరిక కనిపిస్తే ఏం చేస్తాం? తొందరలో చేతికి అందిన ఫోటోలను వరుసగా తీసివేస్తాం. వందల ఫోటోలు పోతాయి గాని, చోటు మాత్రం అంతగా ఏర్పడదు. పోయినవాటిలో మళ్లీ తీయడానికి వీలులేనివి కూడా ఉండవచ్చు.

ఈ కష్టం రాకుండా చేసే పని ఒక్కటే. తొలగించడానికి ముందు తూకం వేయాలి. ఇంట్లో చోటు లేనప్పుడు అగ్గిపెట్టెలు ఏరి పారవేస్తే ప్రయోజనం ఉండదు. బస్తాలు ఎక్కడ ఉన్నాయో చూడాలి. ఫోటోల విషయంలోనూ అంతే. పెద్ద ఫైళ్లు ఏవో గుర్తించడం ఎలాగో, గుర్తించిన తరువాత ఏది ఉంచాలో ఏది తీసివేయాలో నిర్ణయించడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకొందాం.

1. తూకపు ప్రమాణాలు

బియ్యాన్ని కిలోలలో తూచినట్లు ఫైళ్లను బైట్లలో కొలుస్తారు. సుమారు వెయ్యి బైట్లు ఒక కిలోబైట్ (కేబీ). వెయ్యి కిలోబైట్లు ఒక మెగాబైట్ (ఎంబీ). వెయ్యి మెగాబైట్లు ఒక గిగాబైట్ (జీబీ). కొన్ని యంత్రాలు వెయ్యికి బదులు 1,024తో లెక్కిస్తాయి. మన అవసరానికి ఆ తేడా పట్టించుకోనక్కరలేదు.

ఇప్పటి ఫోన్ కెమెరాతో తీసిన సాధారణ ఫోటో రెండు నుంచి ఐదు ఎంబీల వరకు ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చే శుభోదయ చిత్రం చాలా చిన్నది; తరచుగా 150 కేబీ చుట్టూ ఉంటుంది. ఇక వీడియోల సంగతి చూద్దాం. ఐఫోన్ కెమెరా సెట్టింగ్‌లలో కనిపించే లెక్క ప్రకారం, సెకనుకు 30 చిత్రాల వేగంతో 1080పీ నాణ్యతలో తీసిన ఒక్క నిమిషం వీడియో సుమారు 60 ఎంబీలు. అదే వేగంతో 4కే నాణ్యతలో తీస్తే 170 ఎంబీలు. వేగాన్ని సెకనుకు 60 చిత్రాలకు పెంచితే 400 ఎంబీలు. ఇతర ఫోన్లలో ఈ అంకెలు కొంత మారినా, వాటి మధ్య నిష్పత్తి దాదాపు ఇలాగే ఉంటుంది.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. వెయ్యి శుభోదయ చిత్రాలు కలిసి 150 ఎంబీలు. 4కేలో తీసిన ఒక్క నిమిషం వీడియో అంతకంటే బరువైనది. చైత్రమాసంలో మహాకాళి యాత్రలో పది నిమిషాలు 4కేలో చిత్రీకరించినవారి ఫోన్‌లో ఆ ఒక్క వీడియోయే 1.7 జీబీలు ఆక్రమిస్తుంది. అంత చోటులో మూడు ఎంబీల ఫోటోలు ఐదు వందల అరవైకి పైగా పడతాయి.

2. ఒకే కెమెరా, వేర్వేరు బరువులు

ఒకే ఫోన్‌తో తీసిన రెండు ఫోటోల బరువు సమానంగా ఉండదు. దానికి కారణం జేపెగ్ పద్ధతి. 1992లో ప్రమాణంగా వెలువడిన ఈ పద్ధతి, ఫోటోలో వివరం తక్కువగా ఉన్నచోట సమాచారాన్ని ఎక్కువగా కుదిస్తుంది. వివరం దట్టంగా ఉన్నచోట అంతగా కుదించలేదు. తాడోబా అడవిలోని వెదురు పొదను, ఇరై జలాశయంపైని నిర్మలాకాశాన్ని ఒకే కెమెరాతో తీసి చూస్తే, ఆకు ఆకునూ చూపవలసిన వెదురుపొద ఫోటోయే బరువుగా ఉంటుంది. కనుక ఫైలు పెద్దదైనంత మాత్రాన ఆ ఫోటో బాగున్నదని గాని, చిన్నదైనంత మాత్రాన బాగాలేదని గాని అనుకోరాదు.

స్కాన్ చేసిన పాత ఫోటోలు మరొక రకం. నాలుగు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవు గల ఫోటోను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 2,400 అడ్డు చుక్కలు, 3,600 నిలువు చుక్కలు వస్తాయి. గుణిస్తే 86 లక్షల 40 వేల చుక్కలు. ఒక్కొక్క రంగు చుక్కకు మూడు బైట్లు అవసరం. కుదించకుండా టిఫ్ రూపంలో దాచితే ఆ ఒక్క ఫోటో దాదాపు 26 ఎంబీలు అవుతుంది. పెద్ద ఫైళ్ల జాబితాలో ఇది పై వరుసలలో కనిపిస్తుంది. దీని సంగతి నాలుగవ భాగంలో మళ్లీ చూద్దాం.

3. వెదికే క్రమం

ఫోన్‌ను మరాఠీలోనో హిందీలోనో పెట్టుకొన్నవారికి కింది పేర్లు వేరుగా కనిపిస్తాయి. కొన్ని ఫోన్లలో వాటి స్థానం కూడా కొంచెం మారవచ్చు. వెదికే క్రమం మాత్రం ఒకటే.

(అ) ముందుగా మొత్తం లెక్క. సెట్టింగ్స్ తెరచి స్టోరేజ్ అన్నచోట నొక్కండి. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్, అందులో జనరల్, అందులో ఐఫోన్ స్టోరేజ్. ఫోటోలు, వీడియోలు, యాప్‌లు ఒక్కొక్కటి ఎంత చోటు తీసుకొన్నాయో అక్కడ తెలుస్తుంది. బరువు యాప్‌లలో ఉంటే ఫోటోలను ముట్టుకోవలసిన అవసరమే లేదు.

(ఆ) వాట్సాప్. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, తరువాత మేనేజ్ స్టోరేజ్ నొక్కండి. ఐదు ఎంబీల కంటే పెద్దవి ఒకచోట, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి మరొకచోట కనిపిస్తాయి. వాటి కింద ఏ సంభాషణ ఎంత బరువుందో పెద్దదానితో మొదలై వరుసగా ఉంటుంది. అనేక ఇళ్లలో అవసరంలేని బరువు ఇక్కడే దొరుకుతుంది. అయితే ఒక జాగ్రత్త. మంచిర్యాలలోనో కాగజ్‌నగర్‌లోనో జరిగిన పెళ్లి ఫోటోలు బంధువులు వాట్సాప్‌లోనే పంపి ఉండవచ్చు. ఇక్కడ తీసివేస్తే అవి ఫోన్ గ్యాలరీ నుంచి కూడా పోవచ్చు. పంపినవారి వద్ద అవి ఇంకా ఉన్నాయన్న హామీ లేదు.

(ఇ) ఫోన్‌లోని ఫైళ్లు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘ఫైల్స్ బై గూగుల్’ అనే యాప్ పెద్ద ఫైళ్లను విడిగా చూపుతుంది. ఏ ఫోల్డర్‌నైనా తెరచి, పరిమాణాన్ని బట్టి అమర్చమని కోరితే పెద్దవి పైకి వస్తాయి. ఐఫోన్‌లో ఫోటోస్ యాప్ తెరచి వీడియోల ఆల్బమ్‌తో మొదలుపెట్టడం మేలు. బరువులో అధిక భాగం అక్కడే ఉంటుంది.

(ఈ) గూగుల్ ఫోటోస్. ఒక్కొక్క గూగుల్ ఖాతాకు 15 జీబీల చోటు ఉచితం. అది ఫోటోలకు, జీమెయిల్‌కు, డ్రైవ్‌కు ఉమ్మడి. 2021 జూన్ 1 నుంచి చేర్చిన ఫోటోలన్నీ సాధారణంగా ఈ లెక్కలోకే వస్తాయి. ఆ చోటు పూర్తిగా నిండితే జీమెయిల్‌కు ఉత్తరాలు రావడం కూడా ఆగిపోతుంది. మేనేజ్ స్టోరేజ్ అన్నచోట నొక్కితే పెద్ద ఫోటోలు, వీడియోలు ఒక విభాగంగానూ, మసకగా వచ్చినవి, స్క్రీన్‌షాట్‌లు వేరు విభాగాలుగానూ కనిపిస్తాయి.

(ఉ) కంప్యూటర్. విండోస్‌లో ఫోటోల ఫోల్డర్ తెరచి, పైన ఉన్న వెదుకులాట పెట్టెలో నక్షత్రపు గుర్తు (*) ఒక్కటి కొట్టండి. లోపలి ఫోల్డర్లన్నింటిలో ఉన్న ఫైళ్లు ఒకే జాబితాగా వస్తాయి. వ్యూలో డీటెయిల్స్ ఎంచుకొని, సైజ్ అన్న శీర్షికపై నొక్కండి. పెద్దవి పైకి వస్తాయి. చిన్నవి పైకి వచ్చినట్లయితే మరొక్కసారి నొక్కితే చాలు.

4. బరువు వేరు, విలువ వేరు

జాబితా చేతికి వచ్చిన వెంటనే పైనుంచి కిందికి కొట్టివేయరాదు. బరువు ఎక్కడ ఉన్నదో మాత్రమే ఆ జాబితా చెబుతుంది. విలువ ఎక్కడ ఉన్నదో చెప్పదు. బొగ్గు గనులలో పనికి ఈ జిల్లాకు వచ్చిన తాతగారి ఒకే ఒక్క ఛాయాచిత్రాన్ని మనుమడు శ్రద్ధగా స్కాన్ చేయించి ఉండవచ్చు. 26 ఎంబీల ఆ ఫైలు, జేబులో ఉండగా కెమెరా దానంతటది తిరిగి తీసిన చీకటి వీడియో, రెండూ ఒకే జాబితాలో పక్కపక్కనే కనిపిస్తాయి. యంత్రానికి రెండూ అంకెలే. తేడా తెలిసినది మనకే.

అందువల్ల ఒక్కొక్క పెద్ద ఫైలును తెరచి చూసి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దీనిని మళ్లీ తీయగలమా, లేదా మళ్లీ పొందగలమా? ఇది ఇంకొకచోట ఇదే నాణ్యతతో ఉన్నదా? దీనితో రేపు ఏదైనా పని పడుతుందా? మూడింటిలో మొదటిదానికి అవునని, చివరిదానికి కాదని సమాధానం వస్తే ఆ ఫైలును తొలగించవచ్చు. సందేహం కలిగితే తొలగించక వేరొకచోటికి తరలించాలి.

రెండవ ప్రశ్నలో ‘ఇదే నాణ్యతతో’ అన్న మాటను గమనించండి. కొందరు మంచి ఫోటోను వాట్సాప్‌లో ఇంట్లోని మరొకరికి పంపి, ప్రతి ఉన్నదన్న ధీమాతో అసలును తొలగిస్తారు. వాట్సాప్ మామూలుగా పంపే ఫోటోను కుదిస్తుంది. పొడవైన వైపు సుమారు 1,600 చుక్కలకు తగ్గుతుంది. ఫోన్ తెరపై ఆ తేడా కనిపించదు. పెద్దలు కాలం చేసినప్పుడు ఆ ఫోటోను 18 అంగుళాల ఎత్తున పటం కట్టించబోతే, అంగుళానికి 90 చుక్కలు కూడా దక్కవు; ముఖం మసకబారుతుంది. అసలు ఫోటోలో 4,000 చుక్కలు ఉంటే అంగుళానికి 220కి పైగా దక్కేవి. ఫోటోను వాట్సాప్‌లోనే పంపవలసి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి. అప్పుడు అది కుదించకుండా చేరుతుంది.

5. తొలగించే ముందు పాటించవలసిన నియమాలు

మొదట ప్రతి, తరువాత తొలగింపు. విలువైన పెద్ద ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకో హార్డ్ డిస్క్‌లోకో చేర్చి, అక్కడ తెరచి చూసి, సరిగా ఉన్నాయని నిర్ధారించుకొన్నాకే ఫోన్‌లో తీసివేయండి. అమూల్యమైనవాటికి రెండు ప్రతులు రెండు వేర్వేరు చోట్ల ఉండాలి. ఒక ప్రతిని వేరే ఇంట్లోని బంధువుల వద్ద ఉంచితే, వరద వచ్చినా రెండూ ఒకేసారి తడవవు. మన వేసవి ఎండలో డిస్క్‌ను కిటికీ పక్కన గాని, నిలిపిన వాహనంలో గాని ఉంచకండి.

రెండు మీటల తేడా తెలుసుకోండి. గూగుల్ ఫోటోస్‌లో ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కితే, ఖాతాలో భద్రమైన ఫోటోల ప్రతులు ఫోన్ నుంచి మాత్రమే తొలగుతాయి. ‘డిలీట్’ నొక్కితే, భద్రపరచిన ఫోటో ఫోన్ నుంచీ ఖాతా నుంచీ కూడా పోతుంది. ఈ తేడా తెలియక సంవత్సరాల జ్ఞాపకాలు పోగొట్టుకొనే ప్రమాదం ఉంది.

చెత్తబుట్టను మరువకండి. తొలగించిన ఫోటో వెంటనే పోదు. గూగుల్ ఫోటోస్‌లో భద్రపరచినవి 60 రోజులు, భద్రపరచనివి 30 రోజులు చెత్తబుట్టలో ఉంటాయి. ఐఫోన్‌లో 30 రోజులు ఉంటాయి. పొరపాటున తీసివేస్తే ఈ గడువులోగా తిరిగి తెచ్చుకోవచ్చు. అయితే బుట్టలో ఉన్నంతకాలం చోటు ఖాళీ కాదు. అత్యవసరమైతే బుట్టను ఒకసారి పరిశీలించి, ఆ తరువాతనే ఖాళీ చేయండి.

ఫోన్‌ను శుభ్రపరుస్తామని ప్రకటించే తెలియని యాప్‌లకు మీ ఫోటోలను చూసే అనుమతి ఇవ్వకండి. దుకాణంలో ఎవరైనా ఫ్యాక్టరీ రీసెట్ చేయమని సలహా ఇస్తే, ప్రతి తీసుకోకుండా అంగీకరించకండి. రీసెట్‌తో ఫోన్‌లోనివన్నీ తుడిచిపెట్టుకొని పోతాయి.

ఇకముందు బరువు పెరగకుండా కెమెరా సెట్టింగ్‌లలో వీడియో నాణ్యతను 4కే నుంచి 1080పీకి మార్చుకోవచ్చు. పైన చెప్పిన లెక్క ప్రకారం బరువు మూడవ వంతుకు దగ్గరగా వస్తుంది. పెళ్లి వంటి ముఖ్య సందర్భాలలో మళ్లీ పెంచుకోవచ్చు.

6. అభ్యాసం

ఒకటి. ఒక ఫోన్‌లో 150 కేబీల చొప్పున 2,000 శుభోదయ చిత్రాలు ఉన్నాయి. 4కేలో సెకనుకు 30 చిత్రాల వేగంతో పొరపాటున తీసిన రెండు నిమిషాల వీడియో కూడా ఉంది. ఏది బరువైనది? (జవాబు: చిత్రాలు 300 ఎంబీలు, వీడియో 340 ఎంబీలు. వీడియోయే బరువైనది.)

రెండు. మీ ఫోన్‌లోని అతి పెద్ద పది ఫైళ్లను గుర్తించి కాగితంపై రాయండి. ఒక్కొక్కదాని ఎదుట ‘ఉంచాలి’, ‘తరలించాలి’, ‘తొలగించాలి’ అన్న మూడింటిలో ఒకటి రాయండి. ఇంట్లోని పెద్దలకు చూపిన తరువాతనే తొలగించండి. మీకు ఎవరో తెలియని ముఖాన్ని వారు గుర్తుపట్టవచ్చు.

మూడు. మృగశిర కార్తె ప్రవేశించే లోపల ఫోన్‌లో కనీసం రెండు జీబీల చోటు ఖాళీగా ఉండేటట్లు చూసుకోండి. మూడు ఎంబీల ఫోటోలు ఆరు వందలకు పైగా తీయడానికి అది చాలు. నీరు గడప దాటిన నాడు ఏ ఫోటో తీసివేయాలా అని వెదుక్కోవలసిన పని ఉండదు.