క్షయరోగ చికిత్స: మాఱిన మాటలు

"ఈ శాస్త్రజ్ఞుల మాట నమ్ముట యెట్లు? తాతలనాడు ఒకటి చెప్పిరి, తండ్రులనాడు దానిని కాదనిరి, నేడు మఱియొకటి చెప్పుచున్నారు" అని పెద్దలు విసుగుకొనుట మన మందఱము వినుచున్నదే. ఈ విసుగు నిష్కారణమైనది కాదు. వైద్యుని మాటను నమ్మి కుటుంబములు పొలము లమ్ముకొనును, రోగిని దూరమునకు పంపివేయును. ఆ మాట మాఱినపుడు నష్టపడువారు వారే. కావున దీనిని నవ్వి త్రోసివేయక, మన సీమలోనే జరిగిన యొక వృత్తాంతమును పరిశీలింతము.

మదనపల్లెకు సమీపమున ఆరోగ్యవరము కలదు. చిత్తూరు జిల్లా యేర్పడిన మఱుసటి యేడు, అనగా 1912 లో, అనేక క్రైస్తవ మిషనులు కలిసి క్షయరోగులకై ఆరంభించిన చికిత్సాలయ మది. డెన్మార్కు దేశస్థుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమొట్-మొల్లరుగారు దాని మొదటి అధికారి. అప్పటికి క్షయను హరించు మందు లేదు. ఆ రోగమును కలిగించు సూక్ష్మజీవిని రాబర్టు కోఖ్ 1882 లోనే కనిపెట్టెను; కాని కనిపెట్టుట వేఱు, చంపుట వేఱు. 1890 లో ఆయనయే ట్యూబర్క్యులిన్ అను ద్రవము ఈ రోగమును కుదుర్చునని ప్రకటింపగా లోకమంతయు సంతోషించెను. కొలదికాలములోనే అది కుదుర్పదని తేలెను. (అయినను దానిని పాఱవేయలేదు. రోగబీజము శరీరమున ప్రవేశించినదో లేదో తెలిసికొనుటకు దాని శుద్ధరూపమును నేటికిని చర్మములోనికి ఎక్కించి చూచుచున్నారు.)

మందు లేని దినములలో వైద్యులకు మిగిలినవి మూడు: నిర్మలమైన గాలి, పూర్ణవిశ్రాంతి, పుష్టికరమైన ఆహారము. రోగులు నెలల తరబడి మంచముననే యుండవలసివచ్చెను. ఊపిరితిత్తికి విశ్రాంతి నిచ్చుటకై ఱొమ్ములోనికి గాలి నెక్కించి దానిని ముడుచుకొనునట్లు చేయు పద్ధతియు, పక్కటెముకలను తీసివేయు శస్త్రచికిత్సయు ఆ కాలమున దేశదేశములందు వాడుకలో నుండెను. పసిబిడ్డను ఇంట విడిచి యట్టి పడకపై దినములు లెక్కపెట్టిన తల్లి యెంత దుఃఖించియుండునో మనము ఊహింపవచ్చును.

1943 లో అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలయందు స్ట్రెప్టోమైసిన్ లభించెను. అదియు ఒంటరిగా వాడినపుడు, కొన్ని నెలలలోనే సూక్ష్మజీవులు దానికి లొంగకుండ పోయెను. 1952 లో ఐసోనియజిడ్ వచ్చిన పిదప రెండుమూడు మందులను కలిపి యిచ్చు పద్ధతి స్థిరపడెను. అప్పుడు క్రొత్త ప్రశ్న పుట్టెను: మందు పనిచేయుచుండగా రోగి యిల్లు విడువవలెనా? 1956 లో మద్రాసునందు స్థాపింపబడిన క్షయ పరిశోధనకేంద్రమువారు 193 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండుగా విభజించి, కొందఱిని చికిత్సాలయమున నుంచిరి; తక్కినవారిని ఇరుకైన తమ పేదయిండ్లలోనే యుంచి అవే మందుల నిచ్చిరి. ఇంటనున్నవారి ఆహారము తక్కువరకము, విశ్రాంతియు తక్కువే. అయినను ఒక సంవత్సరమునకు పిదప రెండు తెగలవారును ఇంచుమించు సమానముగనే కోలుకొనిరి. ఇంటివారికి రోగము సోకుటయు హెచ్చుకాలేదు. 1959 లో ఈ సంగతి ప్రకటింపబడెను.

మఱి ఆరోగ్యవరమున నెలల తరబడి పరుండినవారు మోసపోయిరా? లేదని నా యభిప్రాయము. "మందు లేనిచో గాలియు విశ్రాంతియు మేలు చేయునా?" అనునది యొక ప్రశ్న. "మందు తినువానికి అవి యింకను కావలెనా?" అనునది వేఱొక ప్రశ్న. రెండవదానికి వచ్చిన జవాబు మొదటిదానిని అబద్ధము చేయదు.

అన్ని మార్పులును ఇంత సులభముగ సమాధానపడునవి కావు. బి. సి. జి. టీకా కథ చూడుడు. మనదేశమున ఆ టీకా 1948 లో మదనపల్లెలోనే ఆరంభమయ్యెను. 1955 లో చక్రవర్తుల రాజగోపాలాచారిగారు దానిని వ్యతిరేకించుచు ఆంగ్లమున నొక చిన్న పుస్తకమే ప్రకటించిరి. క్రిస్టియన్‌గారి కుమారుడు డాక్టరు జొహాన్నెస్ ఫ్రిమొట్-మొల్లరుగారు మదనపల్లె పరిసరగ్రామములలో నడిపిన పరిశోధనలో టీకా కొంత రక్షణ నిచ్చినట్లు కనబడెను. 1968 లో మన పొరుగుననున్న చెంగల్పట్టు జిల్లాలో సుమారు 2,60,000 మందితో మఱింత పెద్ద పరిశోధన ఆరంభించిరి. 1979 లో దాని ఫలితము వెలువడెను: ఊపిరితిత్తుల క్షయనుండి టీకా రక్షింపలేదు! పొరుగుసీమలలో రెండు జవాబులు; రెండును శ్రద్ధగ చేసిన పనులే. దీనికి కారణము నేటికిని పూర్తిగ తేలలేదు. ఇచ్చట జనులు విసుగుకొనినచో తప్పుపట్టలేము. కాని పసిబిడ్డల మెదడుపొరలకు సోకు ఘోరమైన క్షయను ఆ టీకా చాలవఱకు అడ్డగించును. అందుచేతనే నేటికిని పుట్టిన బిడ్డకు దానిని వేయుచున్నారు.

ఆహారము సంగతి మఱియు విచిత్రము. మద్రాసు ఫలితము చూచి, తిండికిని ఈ రోగమునకును సంబంధము లేదని కొందఱు తలంచిరి. 2023 లో ప్రకటితమైన జార్ఖండు పరిశోధనలో, రోగియొక్క కుటుంబమువారికి నెలనెల పుష్టికరమైన ఆహారపదార్థముల నీయగా, వారిలో క్రొత్తగ క్షయ తగులుట సుమారు 40 శాతము తగ్గెను. ఆరోగ్యవరపు వంటశాల చేసిన పని వ్యర్థము కాదన్నమాట.

ఈ మార్పులన్నిటి నడుమను 1882 నాటి మాట మాత్రము మాఱలేదు: ఈ రోగము సూక్ష్మజీవివలన కలుగును, అది దగ్గుద్వారా గాలిలో వ్యాపించును. దీనిని మఱచి, "వైద్యులు రేపు మఱియొకటి చెప్పెదరులే" అని దగ్గు తగ్గిన రెండవ నెలలోనే మాత్రలు మానువారు కలరు. చావక మిగిలిన సూక్ష్మజీవులు ఆ మందులకు లొంగనివై మఱల విజృంభించును. ఆపై చికిత్స కష్టతరము. పూర్వము ఏడాదికి పైబడిన మందుకాలము నేడు సాధారణ రోగికి ఆఱు నెలలకు దిగినది. ఇంకను తగ్గవచ్చును. నీ మందు చాలునని నీ వైద్యుడు చెప్పువఱకు మాత్రము దానిని తినవలసినదే.