సంఘము కంప్యూటరునకు సోకు తెగుళ్లు

ఈ నెల పాఠము పైరును గూర్చినది కాదు. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటరున కెక్కించు పథకమును 2022వ సంవత్సరము జూనులో కేంద్రప్రభుత్వ మంగీకరించినది. సభ్యుల వాటాధనము, అప్పు, వడ్డీ, జమ అన్నియు చిట్టాలను విడిచి యంత్రములోనికి చేరుచున్నవి. చిట్టాకు చెదలు పట్టునని మనకు తెలియును. యంత్రములోని లెక్కకు పట్టు చెదలెట్టివో సభ్యులును ఎరుగవలెను. ఏలననగా చెడినచో పోవునది గుమాస్తా లెక్క కాదు, మనదే.

1994-95 ప్రాంతమున తెల్లమచ్చ తెగులుచే మన తీరమునందలి రొయ్యలగుంటలు పాడైన సంగతి పాతకాపులు మరువలేదు. ఆ తెగులు పైకి ఆరోగ్యముగా కనుపించు పిల్లతోను వచ్చును. పీతలు మోసికొనియు వచ్చును. పొరుగుగుంట వదలిన నీరు క్రీకులో కలియగా, ఆ నీటినే మన ఇంజను తోడుటచేతను వచ్చును. కంప్యూటరు తెగుళ్లు వచ్చు త్రోవలును ఇంచుమించుగా నిట్టివే.

వైరసనునది ఒక ఫైలు నంటుకొనియుండును. ఆ ఫైలును ఎవరైనను తెరచినగాని కదలదు. ఊరి జిరాక్సు అంగడిలో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవు దీనికి పీతవంటిది. వర్మనునది అట్లు కాదు. ఎవరును ఏమియు తెరువకయే, ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు తానే ప్రాకిపోవును. 2017వ సంవత్సరము మే 12వ తేదీన వానాక్రై అను వర్ము బయలుదేరి సుమారు 150 దేశములలో వ్యాపించి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటరులను కొన్నిటిని సైతము పట్టినది. దాని దారిని మూయు సవరణను మైక్రోసాఫ్టు కంపెనీ మార్చిలోనే విడుదల చేసియుండెను. అప్‌డేటు అని యంత్రము అడుగగా రేపు చూతమని త్రోసివేయు గుమాస్తాలు ఈ తేదీలను గుర్తుంచుకొందురు గాక.

ఇక ట్రోజను. పిల్ల చూచుటకు చక్కగా నుండును, తెగులు లోన నుండును. పీఎం కిసాన్ సొమ్ము పడుటకు ఈ యాప్ వేసికొనుడని వాట్సాపులో వచ్చు ఏపీకే ఫైళ్లు ఈ జాతివే. వేసికొనినతోడనే అది సందేశములు చదువుటకు అనుమతి అడుగును. ఇచ్చితిమా, బ్యాంకునుండి వచ్చు ఓటీపీ మనకన్న ముందు దొంగకు చేరును. "నేను ఓటీపీ ఎవరికిని చెప్పలేదే" అని సొమ్ము పోగొట్టుకొన్నవారు వాపోవుదురు. వారు చెప్పలేదు, నిజమే. వారి ఫోను చెప్పినది.

అన్నిటికంటె సంఘములు భయపడవలసినది రాన్సమ్‌వేరు. ఇది లెక్కలను దొంగిలించుటతో తృప్తిపడక, వానికి తాళమువేసి, చెవి కావలెనన్న ధనము చెల్లింపుమనును. చెల్లించినను చెవి వచ్చునను నమ్మకము లేదు. 2024వ సంవత్సరము జూలై చివర, చిన్న బ్యాంకులకు కంప్యూటరు సేవలందించు సీ-ఎడ్జ్ అను సంస్థకు ఇది సోకగా, తెగులు ప్రాకకుండ జాతీయ చెల్లింపుల సంస్థ దానిని తాత్కాలికముగా వేరుపరచినది. సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగినవని పత్రికలు వ్రాసినవి. వానిలో సహకార బ్యాంకులును గ్రామీణ బ్యాంకులును ఉండెను. మూలగుంటలో తెగులు పుట్టినప్పుడు తూము మూయుట సరియైన పనియే.

రొయ్యతెగులుతో పోలిక ఇంతవరకే. ఆ తెగులునకు మనపై పగయు లేదు, ఆశయు లేదు. వీనిని మనుష్యులే ధనాశతో కల్పించుచున్నారు. మన మొక కంత పూడ్చిన వేరొక కంత వెదకుదురు. కావున తెగులు ఎన్నడును రాదని తలంపక, వచ్చిననాడు లెక్కలు మరల ఎట్లు దొరకునని యోచింపవలెను.

మేము చూచిన యొక సంఘములో లెక్కల నకలు తీయు పెన్‌డ్రైవును కంప్యూటరునకే రాత్రింబవళ్లు గ్రుచ్చియుంచిరి. రాన్సమ్‌వేరు సోకినచో అసలుతోపాటు ఆ నకలునకును తాళము పడును. పాస్‌వర్డును చీటిపై వ్రాసి తెరకే అంటించిరి. పంచాయతీదారులను అడుగగా, నకలు ఉన్నదిగదా యని ధైర్యముగా చెప్పిరి.

నకలు తీసినవెంటనే ఊడదీసి, బీరువాలో భద్రపరుపవలెను. రెండవ నకలు వేరొక భవనమున నుండవలెను. తెగులు అనుమానము తోచిన తక్షణమే నెట్టు తీగ లాగివేసి, పొరుగు యంత్రములను వేరుచేయవలెను. ఫోను మోసమున సొమ్ము పోయినవారు గ్రామపెద్దకొరకు తిరుగక, వెంటనే 1930కి ఫోనుచేసి, తమ బ్యాంకునకును తెలుపవలెను. గంటలు గడచినకొలది ఆ సొమ్ము చేతులు మారును.

నెలకొకసారి, నకలును మరియొక కంప్యూటరులో తెరచి, ఏ యిద్దరు సభ్యుల ఖాతాలనైనను వారి పాస్‌పుస్తకములతో సరిచూడవలెను. తెరచి చూడని నకలు మొలక పరీక్షింపని విత్తనమువంటిది. ఈ పనికి గుమాస్తా ఒక్కడే కూర్చుండరాదు. సభ్యుడొకడు ప్రక్కన నుండవలెను.